దాళ్వా చేలల్లో పిట్టలు, లాడ్జి గేటుకి తాళం

కొల్లేరు వైపు పిట్టల్ని చూడ్డానికి వెళ్తుంటే, గది బుక్ చేసేముందు ఒక్కమాట అడగండి: పొద్దున్న గేటు ఎన్నింటికి తీస్తారు? ఏసీ, గీజరు సంగతి తర్వాత.

మార్చి ఆఖర్లో నేను, మా ఆవిడ, మా బావమరిది వెళ్లాం. సికింద్రాబాద్‌లో నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆకివీడులో దిగాం. హాయిగా నిద్రపట్టింది, అంతకుమించి చెప్పడానికేం లేదు. చలికాలం ఇక్కడ గడిపిన పిట్టలు సైబీరియా, మంగోలియా వైపు తిరుగుప్రయాణానికి ఒళ్లు చేసుకునే రోజులివి. డిసెంబర్లో బూడిదరంగులో తిరిగినవే ఇప్పుడు పెళ్లికొడుకుల్లా ముస్తాబై ఉంటాయి. అందుకే నాకు ఈ సీజనే ఇష్టం.

లాడ్జి ఫోటోల్లో బాల్కనీ, ఎదురుగా పచ్చటి చేలు. తీరా వెళ్తే బాల్కనీ ఎదురుగా ఐసు ఫ్యాక్టరీ గోడ. గది 2,400. సరే, పడుకోవడానికేగా అనుకున్నాం. తెల్లవారుజామున 5 గంటలకి బైనాక్యులర్స్ మెళ్లో వేసుకుని కిందికి దిగితే గేటుకి తాళం. వాచ్‌మన్‌ని లేపాం. "తాళాలు ఓనరుగారి దగ్గరుంటాయండి. ఆయన ఏడింటికి గాని లేవరండి, ఆయ్" అన్నాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. బావమరిది గోడ దూకుదామన్నాడు. "ఇందుకేనా అలారం పెట్టి మరీ లేపారు" అంటూ మా ఆవిడ పైకెళ్లి పడుకుంది. నేను మాత్రం గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాను. పిట్టల కూతలు వినబడుతున్నాయి, ఒక్కటీ కనబడదు.

7 దాటాక ఓనరు వచ్చాడు. "పిట్టలెక్కడికి పోతాయండీ, సాయంత్రం చూస్కోండి" అన్నాడు, నవ్వుతూ. ఆ నవ్వుకే ఒళ్లు మండింది. ఆ రోజుల్లో 6 గంటలకల్లా తెల్లారిపోతుంది. ఎండెక్కితే చేలమీద ఆవిరి లేచి, టెలిస్కోపులో దూరపు పిట్ట నీళ్లలో నీడలాగ వణుకుతుంది. ముక్కు పొడుగో పొట్టో కూడా తేలదు.

కారు రోజుకి 2,600, డ్రైవర్ బేటా 300. ఇది మాత్రం పైసా వసూల్. గణపవరం వైపు దాళ్వా (రెండో పంట) వరిచేను ఈని, గింజ పాలుపోసుకుంటోంది. అంత ఎత్తు చేలో పిట్ట ఉన్నా కనిపించదు. గట్లమీద, బోదెల్లో (చిన్న కాలవల్లో), నీళ్లు తోడేసిన చేపల చెరువుల్లో వెతకాలి. ఏ చెరువులో చేపలు పట్టడం అయిందో మా డ్రైవర్‌కి బాగా తెలుసు. కొల్లేరుని 1999లో అభయారణ్యం చేశారు, 2006లో లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు, అయినా చుట్టూ ఇంకా చెరువులే. పిట్టలు వాటితోనే సర్దుకుంటున్నాయి.

అలాంటి ఒక బురద చెరువులో బ్లాక్‌టెయిల్డ్ గాడ్‌విట్‌ల గుంపు దొరికింది. కొన్నిటికి మెడ అప్పుడే ఇటుకరంగుకి తిరుగుతోంది. పొడుగు ముక్కుని కళ్లదాకా బురదలోకి దించి, పురుగు తగలగానే పైకి లాగి గుటుక్కుమనిపిస్తున్నాయి. గట్టుమీద ఎల్లో వాగ్‌టెయిల్ మగది, పసుపు ముద్ద, తోక ఊపుకుంటూ మా ముందే నడిచింది. చేలమీద విస్కర్డ్ టెర్న్‌లు గాల్లో తిరుగుతూ కంకుల మీదికి వాలి పురుగుల్ని అందుకుంటున్నాయి. కొన్నిటికి పొట్ట నల్లబడింది, బుగ్గ తెల్లగా మెరుస్తోంది. ఒక రైతు "గట్టుమీద నడవండి బాబూ, చేలో దిగకండి" అన్నాడు. నిన్ననే మందు కొట్టాడట. అడిగి నడిస్తే ఎవరూ కాదనరు.

మధ్యాహ్నం ఆకివీడులో ఒక చిన్న మెస్. భోజనం 150, చేదుపరిగెల పులుసు విడిగా 120. ఆ చేపలో ఉండే కొంచెం చేదుని చింతపండు పులుపు, ఉల్లిముద్ద సరిగ్గా పట్టాయి. పొద్దుట్నుంచి ముటముటలాడుతున్న మా ఆవిడ రెండోసారి పులుసు పోయించుకుని, వండినావిణ్ణి పిలిచి ఎలా చేశారని అడిగింది. ట్రిప్పు గట్టెక్కిందని బావమరిది నాకు సైగ చేశాడు.

కైకలూరు దగ్గరి ఆటపాక పక్షుల కేంద్రం పిల్లలున్నవాళ్లకి బాగుంటుంది. గూడబాతులు (పెలికాన్లు) దగ్గర్లోనే కనబడతాయి, పడవ కూడా ఉంది. ఆదివారం మాత్రం వెళ్లకండి, గోల భరించలేం.

మర్నాటికి భీమవరంలో గది మార్చాం. 1,500, రాత్రంతా రిసెప్షన్‌లో మనిషి ఉన్నాడు. చేలకి దూరం ఎక్కువే, కానీ 5 గంటలకి రోడ్డు మీదున్నాం. పాత లాడ్జి ఓనరు నేను గట్టిగా అడిగితే 500 తగ్గించాడు. జనరేటర్‌కని 300 మళ్లీ పట్టుకున్నాడు. కరెంటు పోయింది పావుగంట.