చెట్టు వేర్లను గాలితో తవ్వి పరీక్షించే సేవ: ఏడాది తర్వాత నా అంచనా

మా ఇంటి ముందున్న నిద్రగన్నేరు చెట్టుకు రెండేళ్ల పాటు పడమటి వైపు కొమ్మల చివర్లు ఎండుతూ వచ్చాయి. ఆ వైపు ఆకులు చిన్నవిగా, పలచగా వచ్చి, మిగతా చెట్టు కంటే ముందే రాలిపోయేవి. పురుగుమందు కొట్టించాను, ఎరువు వేయించాను, పాదు చేసి చెట్టు మొదలు దగ్గర నిండుగా నీళ్లు పెట్టాను; ఏదీ ఫలించలేదు. చివరకు, గాలి పీడనంతో మట్టిని తొలగించి వేర్లను పరీక్షించే ఒక బృందాన్ని పిలిపించాను. వారు వచ్చి వెళ్లి ఏడాది దాటింది కనుక ఇప్పుడు వారి పనితీరును తొందరపాటు లేకుండా అంచనా వేయగలననుకుంటున్నాను.

వచ్చినవారు ఎండిన కొమ్మల సంగతి తరువాత చూద్దామని, ముందుగా కాండం నేలను తాకే చోట మోకాళ్లపై కూర్చుని పరిశీలించారు. ఆరోగ్యంగా ఉన్న చెట్టు మొదలు నేలను చేరేసరికి వెడల్పై, ప్రధాన వేర్లు నలువైపులా పాయలుగా విడిపోతూ పైకి కనిపించాలట. మా చెట్టు మాత్రం పాతిన స్తంభంలా తిన్నగా మట్టిలోకి దిగిపోయి ఉంది. కొన్నేళ్ల కిందట వాకిలి ఎత్తు పెంచినప్పుడు పనివారు మిగిలిన మట్టినంతా చెట్టు చుట్టూ పోసి చదును చేశారు. అది చెట్టుకు బలమేనని అప్పట్లో నేనూ సంతోషించాను.

వారి పరికరం పనిచేసే తీరును ప్రత్యేకంగా చెప్పాలి. కంప్రెసర్ నుంచి వచ్చే గాలిని సన్నని గొట్టం ద్వారా ధ్వని కంటే ఎక్కువ వేగంతో మట్టిలోకి వదులుతారు. మట్టి రేణువుల మధ్య సందులుంటాయి కనుక గాలి వాటిలోకి చొరబడి మట్టిని చిట్లగొడుతుంది. వేరులో అలాంటి సందులు లేనందున అది దాదాపు చెక్కుచెదరకుండా మిగులుతుంది. ఇదే పని గుణపంతోనో పారతోనో చేస్తే బెరడు లేచిపోవడం, పీచువేర్లు తెగడం తప్పదు. రెండు గంటల్లో 22 సెంటీమీటర్ల మట్టి తొలగిన తర్వాత అసలు మొదలు బయటపడింది. పడమటి వైపున మణికట్టంత లావు వేరు ఒకటి కాండాన్ని చుట్టుకుని బెరడులోకి దిగబడి ఉండగా, దాని కింద మరో సన్నని వేరు కూడా అదే దారిలో తిరిగి ఉంది. నర్సరీ సంచిలో ఎక్కువ కాలం ఉండిపోయిన మొక్క వేర్లు గోడ తగిలి వలయంగా తిరుగుతాయని, నాటేటప్పుడు వాటిని విడదీయకపోతే అవే లావెక్కి, ఎదిగిన కాండాన్ని ఉరిలా బిగిస్తాయని వారు వివరించారు. ఆకుల్లో తయారైన ఆహారం వేర్లకు దిగే దారి బెరడు లోపలి పొరే కనుక, ఆ బిగింపు వల్ల ఆ వైపు వేర్లకు తిండి అందక, వాటి మీద ఆధారపడిన కొమ్మలు ఎండిపోయాయి.

తల్లివేరు చెట్టు ఎత్తుకు తగ్గట్టుగా భూమిలోకి దిగుతుందని చిన్నప్పటి నుంచీ నమ్మినదాన్ని. ఎదిగిన చెట్ల వేర్లలో చాలా భాగం పై 60 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయని, నీటినీ పోషకాలనూ పీల్చే సన్నని వేర్లు పై 30 సెంటీమీటర్లలోనే అల్లుకుని, కొమ్మల నీడను దాటి చాలా దూరం వ్యాపిస్తాయని ఆ రోజు తెలుసుకున్నాను. కారణం గాలి. వేర్లు కూడా శ్వాసిస్తాయి. మంచి మట్టిలో దాదాపు సగం ఖాళీయే ఉండి, ఆ ఖాళీని నీరూ గాలీ పంచుకుంటాయి. పైన మట్టి పోసినా, బరువుతో తొక్కించినా ఆ ఖాళీ మూసుకుపోతుంది. నేను చెట్టు మొదలు దగ్గర పోసిన నీళ్లు మట్టిలో కప్పబడిపోయిన బెరడును నానబెట్టడం తప్ప దూరాన ఉన్న పీచువేర్లకు చేరనే లేదు. ఛాతీ ఎత్తులో కాండం అడ్డుకొలత 45 సెంటీమీటర్లు ఉండగా, దానికి 12 రెట్లు, అంటే 5.4 మీటర్ల వ్యాసార్ధంతో సున్నపు పొడితో గీత గీసి, ఆ పరిధిలో తవ్వకాలూ వాహనాలూ వద్దన్నారు. మా కారు రోజూ నిలిచేది ఆ గీత లోపలే.

వారిపై నాకు నమ్మకం కలిగించింది వారి నిగ్రహం. సన్నని వేరును ఉలితో, రంపంతో శుభ్రంగా కోసి తీసేశారు. లావు వేరును ఒకేసారి తీస్తే చెట్టు తట్టుకోలేకపోవచ్చని దానిని వదిలి, ఏడాది తర్వాత చూద్దామన్నారు. కోతకు రంగు పూయరా అని అడిగితే, చెట్టు గాయాన్ని మన చర్మంలా మాన్పుకోదని, దెబ్బతిన్న భాగాన్ని లోపలే గోడ కట్టి విడదీస్తుందని చెప్పారు. అమెరికా శాస్త్రవేత్త అలెక్స్ షైగో వివరించిన విషయమిది. వేర్లతో కలిసి జీవించే శిలీంధ్రాల పొడి కొందామనుకుంటే, ఎండుటాకులు కప్పి మట్టిని గుల్లగా ఉంచితే అవి వాటంతటవే వస్తాయని వారించారు. ఆ సహజీవనానికి 1885లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ మైకోరైజా అని పేరు పెట్టారు. చివికిన ఎరువు కలిపి, పైన 8 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు పరిచి, కాండానికి జానెడు దూరం ఖాళీగా వదిలి పని ముగించారు.

లోపాలు లేకపోలేదు. మధ్యాహ్న భోజనానికి వెళ్లినప్పుడు బయటపడిన వేర్లను గంటసేపు ఎండకు వదిలేశారు. పీచువేర్లు ఎండకు ఎంత త్వరగా వాడిపోతాయో వారికి తెలియనిది కాదు. తడి గోనెపట్టా కప్పడం పెద్ద పనీ కాదు. తరువాత తీసుకోవలసిన జాగ్రత్తలను రాసి ఇమ్మని నేను రెండుసార్లు అడగవలసి వచ్చింది.

ఎండిన కొమ్మలు తిరిగి చిగురించలేదు, చిగురిస్తాయని వారూ చెప్పలేదు. అయితే పడమటి వైపు ఈసారి ఆకులు మునుపటి కంటే వెడల్పుగా వచ్చాయి, కొత్తగా ఏ కొమ్మా ఎండలేదు. మొదలు చుట్టూ వెడల్పు స్పష్టంగా కనిపించే చెట్టుకు ఈ సేవ అవసరం లేదు. స్తంభంలా నేలలోకి దిగిన చెట్టున్నవారు మాత్రం మందులకు ముందే వేర్లను చూపించుకోవాలని నా అభిప్రాయం. వదిలేసిన ఆ లావు వేరును చూడడానికి వచ్చే నెలలో మళ్లీ వీరినే రమ్మన్నాను. ఈసారి తడి గోనెపట్టాలు నేనే సిద్ధంగా ఉంచుతాను.