డెబియన్ ఎల్‌టీఎస్: పాత సర్వరుతో పదేళ్ల కాపురం

విజయవాడలో మా బాబాయి ప్రింటింగ్ ప్రెస్సుకు బిల్లింగు సర్వరు పెట్టింది నేనే. 2015లో, అప్పుడే వచ్చిన డెబియన్ 8 మీద. డెబియన్ అంటే ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, ఆ 8వ విడుదల పేరు జెస్సీ. పెట్టి మర్చిపోయాను. అలా మర్చిపోనివ్వడమే డెబియన్ గొప్ప. మా కొంప ముంచబోయిందీ అదే.

తెలియనివాళ్లకు ఒక్క ముక్క. డెబియన్‌ను తయారుచేసేది వలంటీర్లు. ఒక స్టేబుల్ విడుదలను వాళ్ల సెక్యూరిటీ టీమ్ దాదాపు మూడేళ్లు చూస్తుంది. ఆ పైన రెండేళ్లు ఎల్‌టీఎస్ (లాంగ్ టర్మ్ సపోర్ట్) అని వేరే జట్టు చూస్తుంది. 2014లో డెబియన్ 6తో మొదలైంది ఈ ఏర్పాటు. కొత్తదాని మీద పనికి జనం ఎగబడి వస్తారు గానీ, నాలుగేళ్ల నాటి కోడులో కన్నాలు, అంటే భద్రతా లోపాలు, పూడ్చడానికి ఊరికే ఎవరొస్తారు? అందుకే ఆ పని ఎక్కువగా డబ్బిచ్చి చేయిస్తారు. స్పాన్సర్లు ఇస్తే ఫ్రెక్సియన్ అనే సంస్థ డెవలపర్లకు గంటల లెక్కన చెల్లిస్తుంది. అప్‌డేట్లు మాత్రం పైసా కట్టనివాళ్లకూ వస్తాయి. మా ప్రెస్సు ఇప్పటిదాకా కట్టింది సున్నా.

పనితనానికి వంక పెట్టలేను. వెర్షను మార్చకుండా కన్నం ఒక్కటే పూడ్చి పంపుతారు, మన సెట్టింగుల జోలికి రారు. దీనివల్ల ఒక తమాషా జరిగింది. మేం డెబియన్ 10లో ఉన్నప్పుడు, లేబుళ్లు అచ్చేయించుకునే ఒక కస్టమరు తరఫున ఆడిటరొచ్చి సర్వరును స్కాన్ చేశాడు. సర్వరులోకి దూరం నుంచి లాగిన్ కానిచ్చే ఓపెన్ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రాము పాత 7.9 అని చూసి రిపోర్టంతా ఎర్రసిరా చేశాడు. 'అంకె కాదండీ, తోక చూడండి' అని వెర్షను చివర డెబియన్ వాళ్లు తమ మరమ్మతులకు గుర్తుగా తగిలించే 'ప్లస్ డెబ్10యు2' దగ్గర వేలుపెట్టి, మార్పుల చిట్టా ఛేంజ్‌లాగ్ తెరిచి ఒక్కో లోపానికీ లెక్క అప్పజెప్పేసరికి సాయంత్రమైంది.

అన్ని ప్యాకేజీలకూ ఈ భరోసా ఉండదు. జెస్సీలో జావాస్క్రిప్టు ప్రోగ్రాములను నడిపే నోడ్‌జేఎస్‌కు సెక్యూరిటీ సపోర్టు మొదటినుంచీ లేదు, రిలీజ్ నోట్సులోనే రాసుంది. నేను చదివితే కదా! చెక్-సపోర్ట్-స్టేటస్ కమాండు కొడితే మన మెషీన్లో ఏవి గాలికి వదిలేశారో చెబుతుంది. నాలుగేళ్లు దాని పేరే తెలియదు నాకు.

2019 మార్చిలో జెస్సీ-అప్‌డేట్స్ అనే విభాగాన్ని మిర్రర్ల (డౌన్‌లోడ్ సర్వర్ల) నుంచి తీసేశారు. అప్‌డేట్ల జాబితా తెచ్చే ఆప్ట్ అప్‌డేట్ కమాండు కొడితే 404, అంటే ఫైలు లేదని. ఎల్‌టీఎస్ గడువు ఇంకా ఏడాది పైనే ఉంది కాబట్టి ఆప్ట్ సెట్టింగుల్లో ఆ విభాగం లైను తీసేసి ఊరుకున్నాను. కదలాలంటే భయం. మా ప్రోగ్రాము రాసిన భాష పీహెచ్‌పీ జెస్సీలో 5.6, తర్వాతి స్ట్రెచ్‌లో (డెబియన్ 9) 7.0. మా బిల్లింగు ప్రోగ్రామంతా డేటాబేసుతో మాట్లాడే పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లే, 7.0లో అవి లేనే లేవు. రాసిన కుర్రాడు ఎప్పుడో డాలస్ వెళ్లిపోయాడు. 'శ్రావణం ముహూర్తాలు అయిపోనీరా' అన్నాడు బాబాయి. అయిపోయాయి, మళ్లీ వచ్చాయి. 2020 జూన్ 30న జెస్సీ ఎల్‌టీఎస్ ముగిసింది. ఆ నవంబరు దాకా ఏ అప్‌డేటూ లేకుండా నడిపాం, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. చివరికి మూడొందల పైచిలుకు చోట్ల కోడు నేనే మార్చి, 9 మీదుగా 10కి చేరాను. 10 నుంచి 11కు మారినప్పుడు ఆప్ట్ సెట్టింగుల్లో సెక్యూరిటీ లైను పేరే మారిపోయిందని తెలియక ఇంకో పూట పోయింది.

జెస్సీ రోజుల్లోనే ఒక ప్రోగ్రాములో తప్పు కనబడితే దాన్ని రాసేవాళ్లకు తెలియజేశాను. 'ఇప్పటి వెర్షనులోనూ వస్తోందా?' అని ఒక్క లైను జవాబు. ఒళ్లు మండింది. ఆ వారమే ఒకాయన తన పెళ్లికార్డు పేజ్‌మేకర్ ఫైలు సీడీలో తెచ్చాడు, తమ్ముడి పెళ్లికి పేర్లు మార్చి కొట్టాలట. 'ఆ పాత అను తెలుగు ఫాంట్లు ఇప్పుడు మా సిస్టముల్లో లేవండీ, కొత్తగా కంపోజ్ చేయించుకోండి' అన్నాడు బాబాయి, తలైనా ఎత్తకుండా. ఆయన డబ్బిచ్చే కస్టమరు. నేను అదీ కాదు.

డెబియన్ ఎల్‌టీఎస్‌కు అయిదు మార్కులకు నాలుగిస్తాను. గడువు దగ్గరపడుతోందని సర్వరు తనంతట తాను గట్టిగా అరవదు, తేదీ మనమే గుర్తుపెట్టుకోవాలి. ఆ ఒక్కటీ అందుకే కోశాను.

ఇప్పుడున్నది 12, బుక్‌వార్మ్. దాని ఎల్‌టీఎస్ గడువు 2028 జూన్ 30. ఈసారి 2027 చివర్లోనే 13కు మారిపోదామని మొన్న బాబాయితో అన్నాను.

'క్యాలెండర్ల సీజను అయ్యాక చూద్దాంలేరా' అన్నాడు.