దాచడమా, విడమరచి చెప్పడమా? ఇంటి ఆటోమేషన్‌లో ఏది మేలు

దీపాలు, తాళాలు, తలుపు సెన్సార్లు తమంతట తాము పనిచేసేలా చూసే సాఫ్ట్‌వేర్‌లో సాంకేతిక సమాచారం చాలా ఉంటుంది. దాన్ని మామూలు వాడకందారుకు అందించే పద్ధతులు ముఖ్యంగా మూడు. మొదటిది కంటికి కనపడకుండా దాచేయడం, రెండోది ఉన్నదున్నట్టు ముందు పెట్టడం, మూడోది వాడుక మాటల్లో చెప్పి అసలు రూపాన్ని దాని వెనకే ఉంచడం.

తయారీ సంస్థల యాప్‌లు ఎక్కువగా మొదటి దారిలో నడుస్తాయి. బిగించే రోజున దీనికి మించిన సుఖం లేదు. వేర్వేరు సంస్థల పరికరాలు కలిసి పనిచేయడానికి 2022 అక్టోబరులో వచ్చిన మ్యాటర్ ప్రమాణం పుణ్యమా అని, క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో చూపిస్తే చాలు, పరికరం జతపడుతుంది. చిక్కంతా అది మొరాయించిన రోజున వస్తుంది. ‘పరికరం స్పందించడం లేదు’ అన్న ఒక్క వాక్యం చూసి, బ్యాటరీ అయిపోయిందో, సిగ్నల్ అందడం లేదో, వైఫై పాస్‌వర్డ్ మారిందో ఎవరు చెప్పగలరు? దిక్కుతోచక పరికరాన్ని తొలగించి మళ్లీ జోడిస్తే, దానితో ముడిపడిన ఆటోమేషన్లు, అంటే ‘ఇది జరిగితే అది చెయ్యి’ అని మనం పెట్టుకున్న నియమాలు కూడా తెగిపోవచ్చు.

రెండో దారికి హోమ్ అసిస్టెంట్ తొలినాళ్లే ఉదాహరణ. 2013లో మొదలైన ఈ ఓపెన్ సోర్స్ ఇంటి ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్‌లో చాలాకాలం చాలా అమరికలను యామల్ (అమరికలు రాసుకునే ఒక పద్ధతి) ఫైల్లో చేత్తో రాసుకోవలసి వచ్చేది. యామల్‌లో వరుస మొదట్లో వదిలే ఎడం స్పేస్‌లతోనే పెట్టాలి, అక్కడ ట్యాబ్ అక్షరం పడితే ఫైలు చెల్లదు. పైగా కొటేషన్ గుర్తులు లేకుండా ‘ఆన్’ అని ఇంగ్లిష్‌లో రాస్తే, అది మాటగా కాక ‘నిజం’ అనే విలువగా చెలామణి కావచ్చు. ఇంటివాళ్లందరూ ఇది నేర్చుకోవాలనడం అన్యాయమే. అయినా ఈ పద్ధతిలో ఒక గొప్ప సుగుణం ఉంది. రాసినదాన్ని యథాతథంగా కాపీ చేసి తెలిసినవారికి చూపించవచ్చు, నిన్నటి ఫైలుతో నేటిదాన్ని పోల్చి తేడా పట్టుకోవచ్చు.

మూడో దారి ఎందుకు అవసరమో ఒక చిన్న సెన్సార్‌ను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. హోమ్ అసిస్టెంట్‌లో బైనరీ సెన్సార్‌కు లోపల ఉండే ముఖ్యమైన స్థితులు ‘ఆన్’, ‘ఆఫ్’ మాత్రమే. తలుపు విషయంలో ‘ఆన్’ అంటే తెరిచి ఉన్నట్టు, బ్యాటరీ విషయంలో ఛార్జి తక్కువగా ఉన్నట్టు, తాళం విషయంలో వేయనట్టు. ‘తాళం: ఆన్’ అని తెర మీద చదివినవారు తాళం పడిందనే నమ్మి నిద్రపోతారు. అక్షరం కూడా మార్చకుండా చూపిన నిజమే ఇక్కడ తప్పుదోవ పట్టిస్తుంది. అందుకే ఆ సాఫ్ట్‌వేర్‌లో ‘డివైస్ క్లాస్’ అనే గుర్తింపు ఉంది. అది తాళం సెన్సార్ అని ఒకసారి చెబితే, లోపలి విలువ మారకుండానే పైకి ‘తాళం తీసి ఉంది’ వంటి మాట కనిపిస్తుంది.

ఇదే వరుసలో హోమ్ అసిస్టెంట్ 2021 ఏప్రిల్ విడుదలలో వచ్చిన ‘ట్రేస్’ నాకు అన్నిటికన్నా నచ్చింది. దీపం ఎందుకు వెలగలేదో ఊహించుకోనక్కరలేకుండా, ఆటోమేషన్ ఏ షరతు దగ్గర ఆగిపోయిందో అది బొమ్మగా గీసి చూపిస్తుంది. 2020 డిసెంబరులో వచ్చిన బ్లూప్రింట్లు కూడా మంచివే. ఎవరో రాసిపెట్టిన ఆటోమేషన్‌లో ఖాళీలు పూరిస్తే సరిపోతుంది, కాకపోతే మన అవసరం ఆ మూసలో ఇమడాలి.

అయితే మాటలు తేలిక చేయడంలోనూ జాగ్రత్త కావాలి. సెన్సార్ స్థితిగా కనిపించే ‘అన్‌అవైలబుల్’ అంటే పరికరం అసలు అందుబాటులో లేదని, ‘అన్‌నోన్’ అంటే దాని విలువ ఇంకా తెలియలేదని అర్థం. రెండిటికీ ‘తెలియదు’ అని రాసేస్తే, వెతకవలసిన చోటు చెరిగిపోతుంది. పేర్లు మార్చడానికీ మూల్యం ఉంటుంది. హోమ్ అసిస్టెంట్‌లో దీపం వెలిగించడం వంటి పనికి వాడే ‘సర్వీస్’ అన్న మాటను 2024లో ‘యాక్షన్’గా మార్చారు. కొత్త మాట నిజంగానే సుబోధకం, కానీ పాత సహాయపాఠాలు చదివేవారికి ఆ పాత పేరు తెరమీద దొరకకపోవచ్చు.

నాలుగు దీపాలు, ఒకే సంస్థ పరికరాలు ఉన్న ఇంటికి మొదటి పద్ధతి చాలు. పరికరాలు పెరిగి, ఒకదాని మీద ఒకటి ఆధారపడే ఇంటికి మాత్రం నేను మూడోదానికే ఓటేస్తాను, అదీ అసలు పేరు ఒక్క నొక్కు దూరంలో ఉంటేనే. ‘హాలు తలుపు సెన్సార్ నుంచి 6 గంటలుగా కబురు లేదు, చివరిసారి బ్యాటరీ 8 శాతం’ అని పైన ఉండాలి. దాని కింద, కాపీ చేసుకోవడానికి వీలుగా, ఆ సెన్సార్ అసలు పేరు, లాగ్‌లోని (జరిగినవన్నీ నమోదయ్యే చిట్టాలోని) చివరి వరుస ఉండాలి.