ఒక్కటే గుండా, పది గుండ్ల మ్యాగజైనా? గురి నేర్చుకోవడానికి ఏ ఎయిర్ రైఫిల్ మేలు?

జాతరలో బెలూన్లు కొట్టే గన్ గుర్తుందా? గొట్టం పట్టుకుని కిందికి వంచితే లోపల స్ప్రింగ్ నొక్కుకుంటుంది. వెనక రంధ్రంలో ఒక్క పెల్లెట్, అంటే చిన్న గుండు, పెట్టి, గొట్టం మూసి కాల్చాలి. ఇంకోసారి కాల్చాలంటే మళ్లీ మొదటి నుంచి. నా గన్నూ ఆ జాతిదే, కాకపోతే దీని సైట్లు, అంటే గురి చూసే గుర్తులు, వంకర కావు. మా బావమరిది పోయినేడాది పీసీపీ, అంటే స్ప్రింగ్ బదులు ముందే నింపిపెట్టుకున్న గాలితో కాల్చే గన్, కొన్నాడు. దాని సిలిండర్‌లో 200 బార్ల ఒత్తిడి దాకా గాలి పడుతుంది, పైన పది పెల్లెట్ల మ్యాగజైన్. బోల్టు అనే పిడిని లాగి తోస్తే చాలు, తర్వాతి గుండు సిద్ధం. నేర్చుకునేవాళ్లకు నాదే మేలని నేనంటాను. నాది కాబట్టి మాత్రం కాదు.

కచ్చితత్వం మాటకొస్తే వాదన అనవసరం, పీసీపీదే పైచేయి. కాల్చినప్పుడు అది దాదాపు కదలదు. స్ప్రింగ్ గన్‌లో పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే బరువైన పిస్టన్ ముందుకు దూకి ఆగుతుంది, దాంతో గన్ వెనక్కీ ముందుకీ ఊగుతుంది. బిగించి పట్టుకుంటే ఒక చోట, వదులుగా పట్టుకుంటే ఇంకో చోట తగులుతుంది. ముందు చేతిని తెరిచి, అరచేతి మీద గన్‌ను ఊరికే ఆనించాలి. పేలిన తర్వాత కూడా క్షణంసేపు సైట్ల మీంచి కన్ను తీయకూడదు. ఇది నాకు ఒంటబట్టడానికి రెండు నెలలు పట్టింది. పీసీపీ ఇలాంటి తప్పుల్ని చాలావరకు కడుపులో దాచుకుంటుంది. స్ప్రింగ్ గన్ అప్పటికప్పుడే కాగితం మీద చూపించేస్తుంది.

అసలు తేడా నాకు మా మేనకోడలి దగ్గర తెలిసింది. మా బావమరిది కూతురే, పద్నాలుగేళ్ల పిల్ల. వాళ్ల నాన్న గన్‌తో పది గుండ్లూ నిమిషం తిరక్కుండానే అయిపోగొట్టింది. మొదటి మూడూ పక్కపక్కనే, మిగతావి కాగితమంతా. నాలుగోది ఎందుకు తప్పిందో ఆలోచించేలోపే ఐదోది వెళ్లిపోయింది మరి! నా గన్ ఇస్తే, "మామయ్యా, గొట్టం వంగట్లేదు" అంది. నిజమే, పిల్లల చేతులకు అది కష్టం. నేను వంచి పట్టుకున్నాను, తను పెల్లెట్ పెట్టింది. ప్రతి గుండుకూ మధ్యలో అరనిమిషం. ఆ అరనిమిషంలో ఊపిరి కుదుటపడింది, "ఇందాక ట్రిగ్గర్ గుంజేశాను కదా" అని తనే అంది. నేను నేర్పింది ఏమీ లేదు.

ఒలింపిక్స్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనూ ఇదే పద్ధతి. 75 నిమిషాల్లో 60 గుండ్లు, ప్రతిదీ చేత్తో పెట్టుకోవాల్సిందే. పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే, పెల్లెట్ మాత్రం 4.5 మిల్లీమీటర్లు. 2008లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ పోటీలోనే. అయితే ఆ మ్యాచ్ రైఫిళ్లు నడిచేది కూడా నింపిపెట్టిన గాలితోనే, స్ప్రింగ్‌తో కాదు. కాబట్టి గొప్పంతా స్ప్రింగ్‌ది అని నేను చెప్పలేను. ఒక్కో గుండు పెట్టుకోవడంలోనే ఉంది కిటుకు.

ఖర్చు చూస్తే స్ప్రింగ్ గన్ కొన్ని వేలతో తేలిపోతుంది. పీసీపీకి దానికి చాలా రెట్లు, పైగా పంపు కూడా కావాలి. చేతిపంపు కొట్టడం మా బావమరిదికి జిమ్ మాన్పించింది!

రెండింటికీ వాటి వాటి ప్రమాదాలున్నాయి. మ్యాగజైన్ గన్‌లో మర్చిపోయి బోల్టు రెండుసార్లు ఆడిస్తే గొట్టంలో రెండు పెల్లెట్లు చేరతాయి. స్ప్రింగ్ గన్‌లో పెల్లెట్ పెట్టేటప్పుడు గొట్టాన్ని రెండో చేత్తో గట్టిగా పట్టుకోకపోతే, ట్రిగ్గర్ జారిందా, వేళ్లు నలిగాయే. పెల్లెట్ లేకుండా ఖాళీగా కాల్చకూడదు కూడా, పిస్టన్‌కు అడ్డు దొరక్క గుద్దుకుని లోపల దెబ్బతింటుంది. క్లబ్బుల్లోని మ్యాచ్ రైఫిళ్లకు ఖాళీగా సాధన చేసే ఏర్పాటు ఉంటుంది, అది పెద్ద లాభమే. పోటీలకు వెళ్లాలనుకునేవాళ్లు ఏదీ కొనకుండా ముందు క్లబ్బులో చేరడం నయం.

మన దేశంలో 0.177 క్యాలిబర్ (అంటే 4.5 మిల్లీమీటర్ల గుండు), గుండు శక్తి 20 జౌళ్ల లోపు ఉండే ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. అలాగని పిట్టల మీద పెట్టకండి, కేసవుతుంది. కాగితం, వెనక గట్టి అడ్డు, కళ్లకు రక్షణగా అద్దాలు ఉంటే చాలు. పెల్లెట్లు సీసంవి, కాల్చాక చేతులు కడుక్కోవాలి.

పోయిన నెల మా బావమరిది తన పీసీపీకి సింగిల్ షాట్ ట్రే తెప్పించాడు. మ్యాగజైన్ తీసి దాని చోట పెడితే ఒక్కో పెల్లెట్టే పడుతుంది. "ఊరికే, పెల్లెట్లు మిగులుతాయని" అన్నాడు. మ్యాగజైన్ బీరువాలో ఉంది. మేనకోడలు మాత్రం నా గన్ గొట్టం ఇంకా తనంతట తాను వంచలేకపోతున్నానని ఉడుక్కుంటోంది.