సోలార్ ప్యానెల్ వంపు: ఒకసారి బిగించి వదిలేయాలా, సీజన్‌కోసారి మార్చాలా?

ప్యానెళ్లు పెట్టించుకునేవాళ్లకు వంపు గురించి ఉండే టెన్షన్ అంతా ఇంతా కాదు. 20 డిగ్రీలా, 25 డిగ్రీలా అని తేల్చుకోలేక పని ఆపేసేవాళ్లూ ఉంటారు. అంత బెంగ అక్కర్లేదు. ఎండ ప్యానెల్ మీద నిలువుగా పడకుండా 10 డిగ్రీలు పక్కకు పడితే తగ్గేది 1.5 శాతమే. తేడా 20 డిగ్రీలైతే 6 శాతం, 30 అయితే 13 శాతం పోతుంది.

కరెంటు గ్రిడ్‌కు వెళ్లే ఇళ్లకైతే ఒకే కోణంలో బిగించేయడమే నయం. ఆ ఊరి అక్షాంశం ఎంతో వంపు ఇంచుమించు అంత. ముఖం ఉత్తరార్ధగోళంలో దక్షిణానికి, దక్షిణార్ధగోళంలో ఉత్తరానికి ఉండాలి. భూమి అక్షం 23.4 డిగ్రీలు ఒరిగి ఉంది కాబట్టి మధ్యాహ్నపు సూర్యుడు ఏడాదిలో అటూ ఇటూ అంతమేరకే జరుగుతాడు. జూన్, డిసెంబరు చివర్లో మధ్యాహ్నం పూట పోయేది సుమారు 8 శాతం; మార్చి, సెప్టెంబరు చివర్లో దాదాపు ఏమీ పోదు. అక్షాంశం బాగా ఎక్కువున్న చోట్ల వంపు ఇంకాస్త తగ్గించడం మంచిది, ఎందుకంటే అక్కడ ఎండాకాలపు పగళ్లు చాలా పొడవు, మబ్బు రోజుల్లో వెలుగు ఆకాశం నలుమూలల నుంచీ వస్తుంది. భూమధ్యరేఖ దగ్గర లెక్క ప్రకారం చదునుగా పరిచేయొచ్చు, కానీ 10 డిగ్రీలైనా లేకపోతే వాననీళ్లు సరిగ్గా జారక దుమ్ము అంచుల్లో పేరుకుంటుంది.

సూర్యుడి వెంట తిరిగే ట్రాకర్లు పెద్ద సోలార్ క్షేత్రాలకు తగినవి. ఒకే అక్షం మీద తిరిగేవి ఎండ బాగా కాసే చోట 15 నుంచి 25 శాతం దాకా ఎక్కువ ఇస్తాయి. ఇంటి మీద మాత్రం మోటారు, దాని రిపేర్లు ఎవరు పడతారు? ఆ డబ్బుతో ఇంకో ప్యానెల్ పెట్టుకోవచ్చు.

ఇక ఏడాదికి రెండుసార్లు మార్చే పద్ధతి: ఎండాకాలంలో అక్షాంశం కంటే 15 డిగ్రీలు తక్కువ, చలికాలంలో 15 ఎక్కువ. ఏడాది మొత్తం మీద కలిసొచ్చేది కొద్ది శాతమే. దానికోసం పైకెక్కి బోల్టులు విప్పి బిగించాలి. ప్యానెళ్లు నేల మీద, చేతికందేలా ఉంటే సరే, ఏటవాలు కప్పు మీదైతే నేను వద్దనే అంటాను. అక్షాంశం తక్కువున్న చోట ఎండాకాలపు కోణం ఎలాగూ 10 డిగ్రీల లోపుకే పోతుంది, అంటే మళ్లీ దుమ్ము సమస్యే.

గ్రిడ్ లేకుండా బ్యాటరీల మీదే నడిచే ఇంటికి లెక్క వేరు. ఎండాకాలంలో మధ్యాహ్నానికే బ్యాటరీ నిండిపోతే ఆ తర్వాత తయారయ్యేది దండగే. లోటంతా పగలు చిన్నవైన చలికాలంలోనే. అలాంటి ఇంటికి సీజన్‌కోసారి మార్చే శ్రమ కూడా అక్కర్లేదు. చలికాలపు కోణంలోనే, అంటే అక్షాంశానికి 15 కలిపి, ఏడాదంతా ఉంచేయొచ్చు. మంచు పడే చోట్లయితే ఆ నిటారు వంపు మీద మంచు కూడా త్వరగా జారిపోతుంది.