తెలుగు అక్షరానికి తెరపై ఏది మేలు: హింటింగా, సబ్‌పిక్సెల్ రెండరింగా?

96 డీపీఐ తెరపై, అంటే అంగుళానికి 96 పిక్సెళ్లున్న తెరపై, 12 పాయింట్ల అక్షరానికి దక్కే కొలత 16 పిక్సెళ్లు. సుమారుగా ఆ పదహారు వరుసల్లోనే "రాష్ట్రం" అన్న మాటలోని తలకట్టు, ష, దాని కింది ట వత్తు, ర వత్తు అన్నీ ఇమడాలి. "ధ" కింది గీత, "ఠ" లోపలి చుక్క చెరగకుండా నిలవాలి. ఆంగ్ల అక్షరాల్లో నిలువు గీతలు ఎక్కువ. మన లిపి వంపులతో, ఒకదాని కింద ఒకటిగా పేర్చిన వత్తులతో నడుస్తుంది. అందువల్ల ఆంగ్లానికి మేలైన పద్ధతే మనకూ మేలని ముందుగానే తీర్మానించుకోవడం పొరపాటు.

హింటింగ్ అంటే అక్షరపు అంచులు పిక్సెళ్ల గడులకు సరిగ్గా ఆనేలా రేఖలను జరిపే ఆదేశాలను ఫాంటులోనే పొందుపరచడం. ఆపిల్ రూపొందించిన ట్రూటైప్ అనే ఫాంటు పద్ధతి ఈ ఆదేశాలతో 1991లో మాకింతోష్‌కు, 1992లో విండోస్ 3.1కు వచ్చింది. ఆంగ్లంలోని "ఎల్", "ఎమ్" వంటి అక్షరాలకు దీనివల్ల చక్కని పదును వస్తుంది. తెలుగులో మాత్రం గడులకు బలంగా లాగిన వంపు పలకలు తేలుతుంది, చిన్న సున్నా లోపలి ఖాళీ పూడుకుపోతుంది. పైగా వందల సంయుక్తాక్షరాలకు ఆదేశాలను చేత్తో రాయడం ఎంతో శ్రమతో కూడిన పని. తెలుగు లిపిని గుర్తించగల టీటీఎఫ్ఆటోహింట్ వంటి పనిముట్టు ఆ భారాన్ని కొంత తగ్గిస్తుంది.

సబ్‌పిక్సెల్ రెండరింగ్ దారి వేరు. ప్రతి పిక్సెల్‌లోనూ పక్కపక్కన ఉండే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పట్టీలను విడివిడిగా వెలిగించి, అడ్డంగా మూడింతల సూక్ష్మతను రాబడుతుంది. ఈ దారిలోనే మైక్రోసాఫ్ట్ 1998లో ప్రకటించిన క్లియర్‌టైప్ 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది, విండోస్ విస్టా నుంచి దానంతట అదే అమలయ్యింది. అయితే ఆ లాభమంతా అడ్డంగానే దక్కుతుంది, తెలుగుకు ఇరుకు నిలువుగా ఉంది. విండోస్ అక్షరాలను తెరపై గీసే పాత జీడీఐ మార్గంలో నిలువు దిశలో నునుపు చేయడమే లేనందున గుండ్రని అక్షరాల పైఅంచులు, కింది అంచులు మెట్లుమెట్లుగా కనబడేవి. 2009లో విండోస్ 7తో వచ్చిన కొత్త మార్గం డైరెక్ట్‌రైట్ ఆ లోటును తీర్చింది. రంగు పట్టీల అమరిక వేరుగా ఉన్న ఓలెడ్ తెరలపైన, నిలువుగా తిప్పి పెట్టిన తెరలపైన అక్షరాల అంచులకు రంగు చారలు కూడా అంటుకుంటాయి.

కాబట్టి 24 అంగుళాల 1080పీ తెరపై, అంటే అంగుళానికి సుమారు 92 పిక్సెళ్లున్న చోట, నిలువు దిశలో మాత్రమే సర్దే తేలికపాటి హింటింగ్‌ను గ్రేస్కేల్ నునుపుతో, అంటే అంచులను బూడిద ఛాయలతో మెత్తబరిచే పద్ధతితో, కలిపి వాడడమే తెలుగుకు మేలని నా అభిప్రాయం. లినక్సులో హింటింగ్‌ను "స్లైట్"గా పెట్టుకుంటే, అక్షరాలను గీసే ఫ్రీటైప్ అనే సాఫ్ట్‌వేర్ చేసేది ఈ నిలువు సర్దుబాటే. ఆంగ్లమే ఎక్కువగా చదివేవారికి, పట్టీల అమరిక మామూలుగా ఉన్న తెరపై, సబ్‌పిక్సెల్ ఇప్పటికీ మంచిదే. అంగుళానికి 220 పిక్సెళ్లున్న తెరలపై రెండింటి అవసరమూ దాదాపు తీరిపోతుంది. ఆపిల్ 2018లో మ్యాక్‌ఓఎస్ మొజావేతో సబ్‌పిక్సెల్ పద్ధతిని పక్కన పెట్టడం అందుకే సబబుగా తోస్తుంది. మామూలు తెర ఉన్నవారు ఈ అమరికల జోలికి వెళ్లే ముందు అక్షరాన్ని 12 నుంచి 15 పాయింట్లకు పెంచి చూడాలి: 16 పిక్సెళ్లు 20 అవుతాయి, వత్తుకు చోటు దొరుకుతుంది.