పంపుకు పూర్తి మార్కులు, గొట్టాలకు సున్నా: జడ్చర్ల ల్యాబులో ఒక దేశీ టీఎఫ్ఎఫ్ స్కిడ్

పోలేపల్లి సెజ్‌లో పనిచేసినా, చౌటుప్పల్ వైపు యూనిట్‌లో ఉన్నా, పాలమూరు యూనివర్సిటీ ల్యాబులో ఉన్నా టీఎఫ్ఎఫ్ (ద్రవాన్ని పొర మీదుగా అడ్డంగా పారిస్తూ వడకట్టి చిక్కబరిచే మిషను) కొనాలంటే రెండే దార్లు: దిగుమతి మిషను, లేదంటే ఇక్కడే తయారైన స్కిడ్, అంటే ఒకే చట్రం మీద బిగించిన సెట్టు. ఈ రివ్యూ రెండో రకం మీద. 2 లీటర్ల ట్యాంకు, పెరిస్టాల్టిక్ పంపు, మూడు ప్రెషర్ సెన్సర్లు, 0.1 చదరపు మీటరు కేసెట్ (వడపోత పొరల పెట్టె) హోల్డరు. కింద చెప్పిన లోపాలు ఏ కంపెనీ డెమోకు తెచ్చినా చూసుకోవలసినవే, అందుకని పేరు రాయడం లేదు.

తేల్చి చెప్పాలంటే: ప్లాస్మిడ్, ప్రొటీన్ పనికి నిక్షేపంగా కొనొచ్చు. ఏఏవీ (జీన్ థెరపీలో జీన్‌ను మోసే వైరస్) చివరి కాన్సెంట్రేషన్‌కు మాత్రం వచ్చింది వచ్చినట్టు వాడితే సరుకు గొట్టాల్లోనే మిగిలిపోతుంది.

ముందు పంపు సంగతి. ఈ సైజు కేసెట్‌కు నిమిషానికి 500 మి.లీ. ఫీడ్ కావాలి, అంటే చదరపు మీటరుకు 5 లీటర్లు. రిటెన్టేట్ (పొర ఆపి ట్యాంకుకు తిరిగి పంపే ద్రవం) వాల్వు కొంత మూసి వెనక నుంచి ఒత్తిడి పెంచినా ఆ 500 జారదు. గంటల తరబడి తిప్పినా హెడ్‌లో గొట్టం నలగలేదు. ఈ ధరలో ఇంతకన్నా మంచి పంపు దొరకడం కష్టం.

అంత మంచి పంపుకు తగిలించిన గొట్టాలు చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. 8 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న గొట్టం మీటరు పొడవులో 50 మి.లీ. పడుతుంది. ఫీడ్ వైపు 70 సెం.మీ., రిటెన్టేట్ వైపు 90 సెం.మీ. ఇచ్చారు. అంటే గొట్టాల్లోనే 80 మి.లీ. హోల్డర్, కేసెట్ కలిపి ఇంకో 25. మొత్తం హోల్డప్, అంటే ట్యాంకు బయట ఇరుక్కునే ద్రవం, 105 మి.లీ. పది లీటర్ల హార్వెస్ట్‌ను 100 మి.లీ.కి దించుదామనుకుంటే ఆ 100 మి.లీ. ట్యాంకులో కనబడనే కనబడదు, పంపు గాలి పీలుస్తుంది. బఫర్ పోసి బయటికి తోసుకోవచ్చు గానీ, అంత కష్టపడి చిక్కబరిచింది మళ్లీ పలచనవుతుంది.

మందు మన చేతిలోనే ఉంది. ట్యాంకును కేసెట్ పక్కకు జరిపి ఫీడ్ గొట్టం 6.4 మి.మీ.ది 30 సెం.మీ., రిటెన్టేట్ 4.8 మి.మీ.ది 45 సెం.మీ. కత్తిరించుకుంటే గొట్టాల్లో మిగిలేది 18 మి.లీ. పంపు హెడ్‌లోది మాత్రం కంపెనీ చెప్పిన సైజే ఉంచాలి, లేకపోతే ఫ్లో లెక్క తప్పుతుంది. మార్చాక లెక్క నమ్మకుండా తూచి చూడాలి. సిస్టమ్ మొత్తం ఖాళీ చేసి, తూచిన నీళ్లు ట్యాంకులో పోసి, గాలంతా పోయేదాకా తిప్పి, ట్యాంకులో మిగిలింది మళ్లీ తూస్తే తేడాయే హోల్డప్.

ట్యాంకు అడుగు చదునుగా ఉండటం ఇంకో పొరపాటు. 150 మి.లీ.కి దిగేసరికి స్టిరర్ సుడి పంపు నోటి దాకా వస్తుంది. అదే సమయంలో రిటెన్టేట్ తిరిగి పడే పైపు ద్రవం పైకి తేలిపోయి ధార కట్టి పడుతుంది, నురగ మొదలవుతుంది. గాలి తగిలే చోట ప్రొటీన్ చెడుతుంది, కేప్సిడ్ (వైరస్ ప్రొటీన్ గుల్ల) కూడా అంతే. పైపుకు ఒక ముక్క అతికించి అడుగు దాకా దించాలి, స్టిరర్ వేగం తగ్గించాలి. గరాటులా కిందికి సన్నబడే ట్యాంకు ఇస్తే ఈ బాధే ఉండదు.

రిటెన్టేట్ వాల్వు మొరటు. కొంచెం తిప్పితే చాలు, ట్రాన్స్‌మెంబ్రేన్ ఒత్తిడి (పొరకు అటూ ఇటూ ఉన్న ఒత్తిడి తేడా) 0.5 బార్ నుంచి 1.2కి ఎగురుతుంది. ఆ ఒత్తిడి లెక్క తెలిసిందే: ఫీడ్, రిటెన్టేట్ ఒత్తిళ్ల సగటులోంచి పర్మియేట్ (పొర దాటి పోయే ద్రవం) ఒత్తిడి తీసేయాలి. ఫీడ్ 1.4, రిటెన్టేట్ 0.8, పర్మియేట్ సున్నా అయితే 1.1 బార్. ఒత్తిడి పెంచినా ఫ్లక్స్ (పొర దాటే వేగం) పెరగని చోటు దాటి పోతే పొర మీద జెల్ కట్టడం తప్ప లాభం లేదు. సన్నమర ఉన్న పించ్ వాల్వు విడిగా కొని బిగించుకోవడం మేలు.

ఇక ఎండాకాలం సంగతి. అసలు ఈ రివ్యూ రాయడానికి కారణమే ఇది. కడిగాక పొర శుభ్రమైందా లేదా అని నీటి పర్మియబిలిటీ (ఒక బార్ ఒత్తిడికి పొర గుండా ఎంత నీరు పోతుందో) చూస్తాం. స్కిడ్‌లో టెంపరేచర్ సెన్సర్ లేదు, సాఫ్ట్‌వేర్ ఏ సవరణా లేకుండా అంకె చూపిస్తుంది. నీటి చిక్కదనం 25 డిగ్రీల దగ్గర 0.89 సెంటీపాయిజ్, 36 డిగ్రీల దగ్గర 0.71. కొత్త కేసెట్ 25 డిగ్రీల్లో బార్‌కు 250 ఎల్ఎంహెచ్ (గంటకు చదరపు మీటరుకు లీటర్లు) చూపించిందనుకుందాం. ఏప్రిల్‌లో పాలమూరులో పైన ట్యాంకు నుంచి నడిచి వచ్చిన ఆర్‌ఓ నీళ్లతో కొలిస్తే మళ్లీ 250 వచ్చింది, అందరూ సంతోషించారు. 36 డిగ్రీల నీటికి సవరిస్తే అది దాదాపు 200. అంటే పొర ఐదో వంతు మూసుకుపోయింది, స్క్రీను మాత్రం కొత్తదానిలా ఉందంటోంది. ఒక థర్మామీటరు పెట్టుకుని, వచ్చిన అంకెను ఆ రోజు చిక్కదనంతో గుణించి 0.89తో భాగిస్తే చాలు.

నల్లగొండ వైపు వాళ్లకు అదనంగా ఒక మాట. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ గురించి చెప్పనక్కర్లేదు, కాఠిన్యం కూడా తక్కువేం కాదు. శుద్ధి సరిగా కాని నీళ్లలో కాస్టిక్ సోడా కలిపితే కాల్షియం, మెగ్నీషియం తెల్లగా విరిగి పొర మీద కూర్చుంటాయి. క్లీనింగ్ అని మొదలుపెట్టింది మురికి చేయడమవుతుంది. 0.1 మోలార్ కాస్టిక్ కలిపే నీళ్లు కూడా బఫర్ నీళ్లంత శుభ్రంగా ఉండాలి.

డయాఫిల్ట్రేషన్ (పాత బఫర్ పోగొట్టి కొత్తది నింపడం) మాత్రం ఈ మిషను బాగా చేస్తుంది. మూత గాలి చొరకుండా బిగుసుకుంటుంది, పర్మియేట్ పోయినంత బఫర్‌ను వాక్యూమే లాక్కుంటుంది, రెండో పంపు అక్కర్లేదు. లెక్క ప్రకారం ట్యాంకులోని ద్రవానికి 7 రెట్లు బఫర్ (7 వాల్యూములు) పోసేసరికి పాత ఉప్పు 0.1 శాతం లోపుకు రావాలి. కానీ సెన్సర్ల దగ్గర టీ జాయింట్లలో వేలెడు పొడవు మూల ఉంది, అక్కడి ద్రవం కలవక చివర్లో కండక్టివిటీ మొండికేస్తుంది. జాయింటు పొట్టిది వేయించుకోండి. ఏఏవీ2 చేసేవాళ్లు బఫర్‌లో అయానిక్ స్ట్రెంత్ (ఉప్పు బలం) 200 మిల్లీమోలార్ పైన ఉంచాలి, చిక్కబడ్డాక తక్కువ ఉప్పులో కణాలు ముద్దకడతాయి. మామూలు పీబీఎస్ (ఫాస్ఫేట్ ఉప్పు బఫర్) ఒక్కటీ చాలదు. గొట్టాలకు, ప్లాస్టిక్‌కు అంటుకోకుండా 0.001 శాతం పోలోక్సమర్ 188 అనే సర్ఫెక్టెంట్ కూడా కలపాలి.

బ్రోచర్‌లో 'జీన్ థెరపీ ప్యూరిఫికేషన్' అని పెద్దక్షరాల్లో వేశారు. 100 కిలోడాల్టన్ల కేసెట్ 25 నానోమీటర్ల కేప్సిడ్‌ను ఆపి చిన్న ప్రొటీన్లను వదిలేస్తుంది, అంతవరకే. ఖాళీ కేప్సిడ్, జీన్ నిండిన కేప్సిడ్ ఒకే సైజు, జల్లెడకు వాటి తేడా తెలియదు. దానికి అయాన్ ఎక్స్ఛేంజ్ కాలమో, అల్ట్రాసెంట్రిఫ్యూజో ఉండాల్సిందే. లెంటీవైరస్‌కైతే ఈ కేసెట్ల జోలికి పోకుండా హాలో ఫైబర్ (బోలు గొట్టాల ఫిల్టరు) చూసుకోవడం నయం, ఆ వైరస్ పైపొర ప్రవాహపు రాపిడికి (షియర్) తట్టుకోదు.

కొట్టొచ్చినట్టు కనిపించే ప్రమాదం ఒకటుంది. కరెంటు పోయి వస్తే పంపు సున్నా నుంచి కాకుండా ఆగినప్పటి వేగంతోనే మళ్లీ లేస్తుంది. ఈలోగా ఎవరైనా వాల్వు మూసి ఉంటే కేసెట్ మీద ఒక్కసారిగా ఒత్తిడి పడుతుంది. 3 బార్ దగ్గర ఆగిపోయే ట్రిప్ సెట్టింగ్ మెనూలో ఉంది కానీ ఫ్యాక్టరీ నుంచి ఆఫ్ చేసి పంపారు. మొదటిరోజే ఆన్ చేయండి, యూపీఎస్ పెట్టండి.

హోల్డర్ బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. ఎంత బిగించాలో కేసెట్ పత్రంలో ఉంటుంది, స్కిడ్ మాన్యువల్‌లోది పట్టించుకోవద్దు. తడిసి అరగంటయ్యాక సిలికాన్ గాస్కెట్ కాస్త కుంగుతుంది, మళ్లీ రెంచ్ పెట్టాలి. రెంచ్ స్కిడ్‌తో రాదు, విడిగా బిల్లు వేస్తారు. పీఓ (కొనుగోలు ఆర్డరు) ఇచ్చేముందే రెంచ్, పొట్టి టీ జాయింట్లు, సన్నగొట్టాల సెట్టు, ఇన్‌లైన్ టెంపరేచర్ సెన్సర్ కొటేషన్‌లో కలిపించుకోండి. బేరమాడితే గొట్టాలు ఊరికే ఇస్తారు.